ట్రావెల్ సీప్యాప్ మెషిన్ శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లోనే చేసుకునే 5 టెస్టులు, తగ్గించే పద్ధతులు

లాప్‌టాప్ ఫ్యాన్ కాస్త గట్టిగా తిరిగితేనే మనం రివ్యూలో మార్కులు కట్ చేస్తాం. మరి రాత్రంతా తల పక్కనే, ఏడెనిమిది గంటలు ఆగకుండా తిరిగే ఫ్యాన్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే సీప్యాప్ మెషిన్. స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకు నిద్రలో గొంతు లోపలి భాగం వదులై గాలి దారి మూసుకుపోతుంది. మాస్క్ ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచడమే ఈ మెషిన్ పని.

దీంట్లో అరచేతి సైజులో ఉండే ట్రావెల్ మోడల్స్ వచ్చాక, ఊళ్లు తిరిగేవాళ్లు చాలామంది వాటికి మారుతున్నారు. హనుమకొండలో మా నాన్న వాడేది కూడా అలాంటిదే. వచ్చిన మొదటి వారమే అమ్మ కంప్లైంట్ రెడీ: "గింతంత ఉంది, బోరు మోటర్ లెక్క లొల్లి చేస్తుందేందిరా!"

ఆ కంప్లైంట్‌ని లైట్ తీసుకోవద్దు. శబ్దం వల్ల పక్కవాళ్లకు నిద్ర పట్టకపోతే, మెషిన్ వాడేవాళ్లు మొహమాటంతో రాత్రి ఒంటిగంటకే మాస్క్ తీసేస్తారు. తీసేస్తే ట్రీట్‌మెంట్ ఆగినట్టే. అమెరికాలో మెడికేర్ ఇన్సూరెన్స్ వాళ్లు "సరిగ్గా వాడుతున్నారు" అని లెక్కలోకి తీసుకోవాలంటే 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం 4 గంటలు వాడాలి. అంటే గంటలే ఇక్కడ బెంచ్‌మార్క్. ఆ గంటల్ని తినేసే కారణాల్లో శబ్దం ఒకటి.

అసలు విషయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, "మెషిన్ శబ్దం" అని మనం అనేది ఒక్క శబ్దం కాదు, ఐదు వేర్వేరు శబ్దాల కలయిక. ఏది ఎక్కువగా వస్తుందో కనిపెట్టకుండా మెషిన్ మీద దుప్పటి కప్పితే ఉపయోగం ఉండదు, పైగా ప్రమాదం కూడా. అందుకే ముందు డయాగ్నసిస్, తర్వాతే ఫిక్స్.

స్పెక్ షీట్ ఏం చెబుతుంది?

ఉదాహరణకి ఒకే కంపెనీ మోడల్స్ రెండు తీసుకుందాం. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 ఇంట్లో పెట్టుకునే పెద్ద మెషిన్, బరువు సుమారు 1.25 కిలోలు. సౌండ్ ప్రెషర్ 26.6 డెసిబెల్స్ అని స్పెక్ షీట్‌లో ఉంటుంది. 2017లో వచ్చిన ఎయిర్‌మినీ బరువు 300 గ్రాములే, కానీ సౌండ్ 30 డెసిబెల్స్.

తేడా 3.4 డెసిబెల్స్. డెసిబెల్ స్కేల్ లాగరిథమిక్ కాబట్టి 3 డెసిబెల్స్ పెరిగితే సౌండ్ పవర్ రెట్టింపైనట్టు. కానీ మన చెవికి శబ్దం "రెట్టింపైంది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. పైగా ఈ అంకెలు 2, 3 డెసిబెల్స్ అటూఇటూ ఉండొచ్చని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. అంటే పేపర్ మీద చూస్తే చిన్న తేడానే.

మరి వాడేవాళ్లు "చాలా ఎక్కువ శబ్దం" అని ఎందుకంటారు? రెండు కారణాలున్నాయి.

మొదటిది, టెస్ట్ చేసే పద్ధతి. సీప్యాప్ మెషిన్ల స్టాండర్డ్ ప్రకారం 1 మీటర్ దూరంలో, 10 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర కొలుస్తారు. ఇది వాతావరణ పీడనంలో దాదాపు వందో వంతు. మీ డాక్టర్ సెట్ చేసిన ప్రెషర్ 14 అయితే మోటార్ ఇంకా స్పీడ్‌గా తిరుగుతుంది. మెషిన్ మీ చెవికి అర మీటర్ దూరంలో ఉంటే, ఖాళీ ప్రదేశం లెక్క ప్రకారం ఇంకో 6 డెసిబెల్స్ కలుపుకోవాలి. బెడ్‌రూమ్‌లో గోడల ప్రతిధ్వని వల్ల ఈ లెక్క కొంచెం మారుతుంది. ఏదేమైనా బాక్స్ మీద ఉన్న అంకె, మీ దిండు దగ్గర ఉన్న అంకె ఒకటి కావు.

రెండోది, పిచ్. అసలు కథ ఇక్కడే ఉంది.

చిన్న ఫ్యాన్, పెద్ద కూత

గాలికి ఒత్తిడి ఇచ్చేది ఇంపెల్లర్ అనే చిన్న చక్రం. అది ఇచ్చే ప్రెషర్ దాని అంచు వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. చక్రం వ్యాసం సగానికి తగ్గిస్తే, అదే ప్రెషర్ కోసం దాన్ని రెట్టింపు స్పీడ్‌తో తిప్పాలి. ప్రెషర్ విషయంలో మాత్రం ట్రావెల్ మెషిన్‌కి కన్సెషన్ లేదు. ఎయిర్‌మినీ కూడా పెద్ద మెషిన్ లాగే 4 నుంచి 20 సెంటీమీటర్ల వరకు ఇవ్వాల్సిందే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. చక్రానికి 10 బ్లేడ్లు ఉండి, నిమిషానికి 20,000 సార్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 333 చుట్లు, ప్రతి చుట్టుకీ 10 బ్లేడ్లు. మొత్తం సుమారు 3,300 హెర్ట్జ్ దగ్గర సన్నటి కూత. మనిషి చెవి అన్నిటికంటే బాగా వినేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలోనే. సీలింగ్ ఫ్యాన్ గాలి చప్పుడు డెసిబెల్స్‌లో ఇంతకంటే ఎక్కువే ఉన్నా నిద్రకి అడ్డు రాదు, ఈ సన్నటి కూత మాత్రం దోమ లాగా చెవిలో తిరుగుతుంది.

దీనికి తోడు చోటు సమస్య ఒకటి. పెద్ద మెషిన్‌లో గాలి లోపలికి వచ్చే దారిలో వంపులు, ఫోమ్, మఫ్లర్ లాంటి గది పెట్టడానికి ప్లేస్ ఉంటుంది. 300 గ్రాముల డబ్బాలో అంత ప్లేస్ ఎక్కడిది? బుల్లెట్ బండికి స్కూటీ సైలెన్సర్ బిగించినట్టు ఉంటుంది పరిస్థితి.

నిజానికి ఈ శబ్దం గొడవ సీప్యాప్ పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివన్ 1980లో మొదటి పేషెంట్ మీద దీన్ని ప్రయత్నించి, 1981లో లాన్సెట్ జర్నల్‌లో పబ్లిష్ చేశారు. తొలి మెషిన్లలో వాడింది వాక్యూమ్ క్లీనర్ తరహా మోటార్లే. అక్కడి నుంచి జేబులో పట్టే సైజుకి రావడం పెద్ద ఇంజినీరింగ్ ఘనతే. కానీ సైజు తగ్గించిన ప్రతిసారీ శబ్దం రూపంలో ఎంతో కొంత తిరిగి చెల్లించక తప్పదు.

ఐదు శబ్దాలు, ఐదు టెస్టులు

రాత్రి ఫ్యాన్, ఏసీ ఆపేసి, ఇంట్లో ఇంకొకరిని తోడు పెట్టుకుని 10 నిమిషాల్లో ఈ టెస్టులు చేయొచ్చు. మాస్క్ పెట్టుకుని, మామూలుగా పడుకుని, మెషిన్ ఆన్ చేయండి.

1. కంపన టెస్ట్: నడుస్తున్న మెషిన్‌ని తోడున్నవాళ్లు చేత్తో మెల్లగా పైకి ఎత్తాలి. శబ్దం ఠక్కున తగ్గితే సమస్య మోటార్‌ది కాదు, దాన్ని పెట్టిన బల్లది. బీరువా పైన, స్టీల్ స్టూల్ మీద, ఖాళీ డ్రాయర్ ఉన్న టేబుల్ మీద పెడితే అవి తబలా లాగా పనిచేస్తాయి.

2. లీక్ టెస్ట్: మాస్క్ అంచుని వేళ్లతో ముఖానికి కొంచెం అదమండి. "బుస్" శబ్దం మారినా, ఆగినా అది లీక్. ట్యూబ్ రెండు చివర్లా జాయింట్ల దగ్గర కూడా ఇలాగే చెక్ చేయండి.

3. వెంట్ టెస్ట్: మాస్క్ మీద గానీ, మాస్క్‌కీ ట్యూబ్‌కీ మధ్య కనెక్టర్ మీద గానీ చిన్న రంధ్రాలు ఉంటాయి. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటకి పోయే దారి అది. మీరు పక్కకి తిరిగి పడుకుంటే పక్కవాళ్లకు శబ్దం తగ్గిందా, పెరిగిందా అడగండి. దిశని బట్టి మారితే అది వెంట్ శబ్దమే.

4. ట్యూబ్ టెస్ట్: మీకు గట్టిగా వినిపిస్తుంది, పక్కనున్నవాళ్లకు మాత్రం అంతగా వినిపించదు. అలా అయితే మోటార్ కూత ట్యూబ్ లోపలి గాలిలో ప్రయాణించి నేరుగా మాస్క్ దాకా వస్తోంది. చిన్నప్పుడు ఆడుకున్న అగ్గిపెట్టె ఫోన్ గుర్తుందిగా, ఫలితం అలాంటిదే.

5. ఇన్‌లెట్ టెస్ట్: తోడున్నవాళ్లు గాలి లోపలికి పోయే ఫిల్టర్ వైపు చెవి పెట్టాలి. మిగతా వైపుల కంటే అక్కడే కూత ఎక్కువ ఉంటే అది ఇన్‌లెట్ శబ్దం. ఫిల్టర్ నల్లబడి ఉందేమో అప్పుడే చూసేయండి.

ఫోన్‌తో కొలవొచ్చా? డెసిబెల్ యాప్స్‌ని ఇక్కడ గుడ్డిగా నమ్మకండి. 30 డెసిబెల్స్ దగ్గర ఫోన్ మైక్ సొంత నాయిసే దాదాపు అంత ఉంటుంది. ఫోన్ పనికొచ్చేది స్పెక్ట్రమ్ చూడటానికి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో ఆడియో స్పెక్ట్రమ్ ఉంది. మెషిన్ దగ్గర పెడితే, సన్నగా నిలువుగా లేచిన గీత కనిపిస్తే అది మోటార్ కూత. వెడల్పుగా పరుచుకున్న మేఘంలా ఉంటే అది గాలి శబ్దం, అంటే వెంట్ లేదా లీక్. రెండింటికీ మందు వేరు.

ఏ శబ్దానికి ఏం చేయాలి?

కంపనం: మెషిన్ కింద మెత్తగా, బరువుగా ఉండేది ఏదైనా పెట్టండి. మౌస్‌ప్యాడ్ ఓకే. మా ఇంట్లో పనిచేసింది కొత్తవాడ జంపఖానా. 2018లో జీఐ ట్యాగ్ వచ్చిన మన వరంగల్ దర్రీలే. చిన్నదాన్ని నాలుగు మడతలు పెట్టి దాని మీద మెషిన్ ఉంచితే బల్ల మోగడం ఆగిపోయింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, బట్ట మెషిన్ కింద మాత్రమే ఉండాలి. పక్కల నుంచి ఎగబాకి ఫిల్టర్‌ని మూయకూడదు.

ప్లేస్‌మెంట్: మెషిన్‌ని తల కంటే కిందగా, వీలైనంత దూరంగా పెట్టండి. ట్యూబ్ పొడవు ఎంత అనుమతిస్తే అంత. మూల గోడకి ఆనించి పెట్టకండి, మూల శబ్దాన్ని పెంచి గదిలోకి తిప్పి కొడుతుంది. ఇన్‌లెట్ వైపు మంచానికి కాకుండా కర్టెన్ లాంటి మెత్తటి వాటి వైపు తిప్పి, మధ్యలో కనీసం జానెడు ఖాళీ వదలండి. టైల్స్ నేల మీద నేరుగా పెట్టకపోవడం మంచిది, ధూళి అంతా ఫిల్టర్‌లోకే పోతుంది.

లీక్: చాలాసార్లు ఇంట్లోవాళ్లని నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదే. పట్టీలు బిగించడం కంటే ముందు మాస్క్ కుషన్‌ని రోజూ సబ్బు నీళ్లతో కడగండి. ముఖం మీద జిడ్డు, నూనె ఉంటే సిలికాన్ జారిపోతుంది. కుషన్ గట్టిపడితే మార్చాలి. ఇంకో పాయింట్, లీక్ ఉంటే దాన్ని కవర్ చేయడానికి మెషిన్ మోటార్ స్పీడ్ పెంచుతుంది. కాబట్టి లీక్ ఆపితే రెండు శబ్దాలు ఒకేసారి తగ్గుతాయి.

వెంట్: దీన్ని మూయకూడదు. టేప్ వేయడం, దూది పెట్టడం అసలే వద్దు. 10 సెంటీమీటర్ల ప్రెషర్ దగ్గర నిమిషానికి సుమారు 30 నుంచి 40 లీటర్ల గాలి అక్కడి నుంచి బయటకి పోవాలి. లేకపోతే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. చేయగలిగింది డిజైన్ మార్చడం. ఒకటి రెండు పెద్ద రంధ్రాల కంటే, జల్లెడ లాంటి సన్నటి రంధ్రాలు చాలా ఉన్న మాస్క్ నెమ్మదిగా గాలి వదులుతుంది. మాస్క్ కొనేటప్పుడు దాని సౌండ్ రేటింగ్ కూడా విడిగా చూడండి, మెషిన్‌కి ఉన్నట్టే మాస్క్‌కీ ఉంటుంది. ఎయిర్‌మినీ లాంటివి కొన్ని మాస్క్‌లతోనే పనిచేస్తాయి కాబట్టి, మెషిన్ ఆర్డర్ చేయకముందే మాస్క్ లిస్ట్ చూసుకోవాలి.

ట్యూబ్: ట్యూబ్‌కి బట్ట కవర్ వేస్తే, మంచం అంచుకి రాసుకునే "కర్ కర్" శబ్దం పోతుంది. లోపల గాలిలో వచ్చే కూత మాత్రం కవర్‌తో పోదు. దానికి మెషిన్‌ని దూరం జరపడం కూడా పనిచేయదు. సన్నటి ట్యూబ్, మామూలు ట్యూబ్ రెండూ కంపెనీ అనుమతిస్తే మార్చి చూడొచ్చు. మెషిన్‌లో ట్యూబ్ సెట్టింగ్ కూడా అందుకు తగ్గట్టు మార్చాలి.

ఫిల్టర్: మూసుకుపోతే మోటార్ ఎక్కువ కష్టపడాలి. ఎయిర్‌మినీకి కనీసం ఆరు నెలలకోసారి మార్చమని కంపెనీ చెబుతుంది. పక్కనే ఇల్లు కడుతున్నా, రోడ్డు పక్కన ఇల్లు ఉన్నా నెలనెలా తీసి చూడండి, ఆరు నెలల దాకా ఆగొద్దు.

సెట్టింగ్స్: ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే ఫీచర్ చాలా మెషిన్లలో ఉంటుంది. దానివల్ల ప్రతి శ్వాసకీ మోటార్ స్పీడ్ మారి, శబ్దం పైకీ కిందికీ ఊగుతుంది. ఒకే స్థాయిలో ఉండే శబ్దానికి మెదడు త్వరగా అలవాటు పడుతుంది, ఊగే శబ్దానికి కష్టం. ఈ ఫీచర్ లెవెల్ తగ్గిస్తే కొందరికి హాయిగా ఉంటుంది. కానీ డాక్టర్‌ని అడిగి చేయండి. ఇక ట్రీట్‌మెంట్ ప్రెషర్‌ని శబ్దం కోసం సొంతంగా తగ్గించడం వద్దే వద్దు. మెషిన్ సైలెంట్ అవుతుంది, గురక మాత్రం మళ్లీ మొదలవుతుంది.

ఈ హ్యాక్స్ జోలికి పోవద్దు

మెషిన్‌ని డబ్బాలో పెట్టి మూత వేయడం, దుప్పటి కప్పడం, విప్పి లోపల స్పాంజ్ కుక్కడం. వీడియోల్లో ఇవన్నీ కనిపిస్తుంటాయి. మొదటి రెండింటితో మెషిన్ వేడెక్కుతుంది, గాలి అందదు. మూడోది ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణే ఉంది.

2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లక్షల కొద్దీ స్లీప్ మెషిన్లని రీకాల్ చేసింది. కారణం మోటార్ కాదు, బ్యాటరీ కాదు, శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన పాలియూరథేన్ ఫోమ్. అది కాలక్రమంలో విరిగి పొడిలా రాలి, వాడేవాళ్ల గాలి దారిలోకి వెళ్లే అవకాశం ఉందని తేలింది. కొన్ని రకాల గ్యాస్ కూడా విడుదల కావచ్చని చెప్పారు. ఓజోన్ క్లీనర్లు వాడితే, వేడి తేమ ఎక్కువ ఉంటే ఆ ఫోమ్ ఇంకా త్వరగా పాడవుతుందని కూడా తెలిసింది. ఆ లిస్టులో ట్రావెల్ మోడల్ డ్రీమ్‌స్టేషన్ గో కూడా ఉంది. తర్వాత ఇచ్చిన రీప్లేస్‌మెంట్లలో సిలికాన్ ఫోమ్ వాడారు.

అంత పెద్ద కంపెనీ టెస్ట్ చేసి పెట్టిన ఫోమే అలా అయితే, మనం షాపులో కొని కుక్కిన స్పాంజ్ సంగతి చెప్పాలా? గాలి దారిలోకి బయటి వస్తువు ఏదీ వెళ్లకూడదు, అంతే. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనేవాళ్లు కూడా సీరియల్ నంబర్‌తో రీకాల్ స్టేటస్ చెక్ చేసుకోవాలి.

వరంగల్ ఎండ, డిసెంబర్ చలి, కాజీపేట రైలు

మన దగ్గర ఈ శబ్దం సీజన్‌ని బట్టి మారినట్టు అనిపిస్తుంది. మే నెలలో సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంటే 30 డెసిబెల్స్ ఎవరికి వినిపిస్తుంది? డిసెంబర్‌లో ఫ్యాన్ ఆపేయగానే "మెషిన్ పాడైంది, శబ్దం పెరిగింది" అంటారు. మెషిన్ మారలేదు, దాన్ని కప్పి ఉంచిన శబ్దం పోయింది. అందుకే కొత్త మెషిన్‌ని రిటర్న్ పీరియడ్‌లోనే ఒక రాత్రి ఫ్యాన్ ఆపి టెస్ట్ చేయండి. చలికాలంలో గోడ వైపు తిప్పిన టేబుల్ ఫ్యాన్‌ని స్లోగా పెట్టడం కూడా మంచి ఉపాయమే.

కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడు "గుయ్" మని వినిపిస్తే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అడాప్టర్లు, ఫ్యాన్లు హమ్ చేయడం మామూలే. మెడికల్ పరికరానికి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే సేఫ్.

ఇక ప్రయాణం. కాజీపేటలో పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరుపతి వెళ్తున్నారనుకోండి. రైలు నడుస్తున్నంతసేపు మోటార్ కూత ఎవరికీ పట్టదు. స్టేషన్‌లో ఆగినప్పుడు పక్క బెర్త్ వాళ్లకి వినిపించేది లీక్ శబ్దమే, కాబట్టి మాస్క్ ఫిట్టింగ్ ఇంట్లోనే సెట్ చేసుకుని వెళ్లండి. మెషిన్‌ని కిటికీ దగ్గరి చిన్న టేబుల్ మీద పెట్టకండి, రైలు ఊపుకి అది గడగడలాడుతుంది. దిండు పక్కన బెర్త్ మీదే పెట్టి, ఇన్‌లెట్‌కి దుప్పటి అడ్డం రాకుండా చూడండి. కోచ్ సాకెట్లలో 110 వోల్ట్‌లు వస్తాయి, మీ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్ట్‌లు అని ఉంటే సమస్య లేదు. కానీ రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ పాయింట్లు ఆపేయాలని 2021లో రైల్వే నిర్ణయం తీసుకుంది. కాబట్టి బ్యాటరీ లేకుండా సాకెట్‌ని నమ్ముకుని ఎక్కొద్దు.

తరచూ అడిగే ప్రశ్నలు

నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే పోతుందా?
పూర్తిగా పోదు. ఆ టెక్నాలజీ బాగా పనిచేసేది సుమారు 1,000 హెర్ట్జ్ లోపు ఉండే విమానం ఇంజిన్ తరహా శబ్దాల మీద. వెంట్ బుస, మోటార్ కూత అంతకంటే పైన ఉంటాయి. పక్కవాళ్లకి మామూలు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఎక్కువ ఉపయోగం, ఖర్చు కూడా చాలా తక్కువ.

శబ్దం ఈ మధ్యే పెరిగింది, ఏం చేయాలి?
ముందు ఫిల్టర్, తర్వాత కుషన్, తర్వాత జాయింట్లు చూడండి. అవన్నీ బాగానే ఉండి, మెషిన్ నుంచే గరగర వస్తుంటే బేరింగ్ అరిగిపోయి ఉండొచ్చు. నూనె వేయకండి, విప్పకండి. సర్వీస్‌కి ఇవ్వండి.

ట్యూబ్‌లో గుడగుడ శబ్దం వస్తోంది. ఎందుకు?
నీళ్ల ట్యాంక్ ఉన్న మెషిన్లలో ఆవిరి చల్లబడి ట్యూబ్‌లో నీళ్లు చేరతాయి. మెషిన్‌ని తల కంటే కిందగా పెట్టి, హ్యుమిడిటీ కొంచెం తగ్గించండి. ఎయిర్‌మినీ లాంటి వాటిలో నీళ్ల ట్యాంకే ఉండదు కాబట్టి ఈ సమస్య అరుదు.

ఫైనల్ వర్డిక్ట్

నెలకి నాలుగైదు రాత్రులకు మించి బయట ఉండేవాళ్లకు ట్రావెల్ సీప్యాప్ మంచి గాడ్జెట్. కానీ ఇంట్లో రోజూ వాడటానికి ఒక్కటే మెషిన్ కొనాలనుకుంటే, పక్కన పడుకునేవాళ్లది తేలికపాటి నిద్ర అయితే, పెద్ద మెషినే తీసుకోండి. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొన్నంత డబ్బు పెట్టేటప్పుడు బరువు ఒక్కటే చూడకూడదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు మాత్రం అమ్మేయాలని తొందరపడొద్దు. ముందు ఐదు టెస్టులు చేయండి. మా ఇంట్లో అమ్మని ఎక్కువ విసిగించింది బల్ల మోత, మాస్క్ లీక్. ఆ రెండూ పోయాక మిగిలిన మోటార్ కూత గురించి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. నాన్న ఇప్పుడు తెల్లారేదాకా మాస్క్ తీయడం లేదు, యాప్‌లో గంటల లెక్క చూస్తే తెలుస్తోంది. ఈ గాడ్జెట్‌కి డెసిబెల్స్ కంటే ఆ గంటలే అసలైన స్కోర్.